కారు ఇంజిన్ థర్మోస్టాట్: ఎంపిక, మార్పిడి

ఇంజిన్‌కూ రేడియేటర్‌కూ మధ్య కూలెంట్ ప్రవహించే దారిలో ఉండి, ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా ఆ దారిని మూసి ఉంచే వాల్వే థర్మోస్టాట్. మామూలు రకానికి కరెంటు అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. లోపలున్న చిటికెడు మైనం కరిగితే తెరుచుకుంటుంది, గడ్డకడితే మూసుకుంటుంది. అరచేతిలో ఇమిడే ఈ భాగం చిన్న కార్లకు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఇది మూసుకున్నది మూసుకున్నట్టే ఉండిపోతే మాత్రం సిలిండర్ హెడ్ వంగి, ఖర్చు వేల రూపాయల్లోకి వెళ్తుంది.

మన దగ్గర దీనికి ఇంకో గండం ఉంది. ‘ఇది చలి దేశాల బండ్లకు పనికొచ్చేది, మన ఎండలకు ఎందుకు’ అంటూ మెకానిక్‌లు దీన్ని తీసి పక్కన పడేయడం ఏళ్ల తరబడి సాగుతున్న అలవాటు. బండి హీటెక్కుతోందని షెడ్డుకు తీసుకెళ్తే చాలాసార్లు మొదట ఊడి వచ్చేది ఇదే. అలా తీసేయడం ఎందుకు తప్పో తెలియాలంటే ముందు దాని పనితీరు తెలియాలి.

పనితీరు

ఇంజిన్‌లో మండే ఇంధనం ఇచ్చే శక్తిలో ఇంచుమించు మూడో వంతు వేడిగా మారి కూలెంట్‌లో కలుస్తుంది. ఆ వేడి బయటికి పోకపోతే ఇంజిన్ పాడవుతుంది. అవసరానికి మించి పోయినా నష్టమే. చల్లగా ఉన్న ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కాబట్టి కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు చిమ్మిస్తుంది. మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి కిందికి దిగుతుంది. మంటలో పుట్టిన నీటి ఆవిరి చల్లటి లోహానికి తగిలి నీరై ఆయిల్‌లో చేరుతుంది. అలా నెలల తరబడి నడిచిన ఇంజిన్‌లో ఆయిల్ మూత తీసి చూస్తే అడుగున మీగడ రంగులో బురద పేరుకుని కనిపిస్తుంది. పిస్టన్ రింగులు, బేరింగులు తొందరగా అరగడానికి ఇదో కారణం. అందుకే నేటి కార్లలో చాలావాటిని కూలెంట్ 85 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండేలా రూపొందిస్తారు.

పాత థర్మోస్టాట్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే చుట్టూ పలచటి లోహపు అంచు, మధ్యలో ఇత్తడి గుళిక, గుళిక చుట్టూ గట్టి స్ప్రింగ్, పైన అడ్డపట్టీ, ఆ పట్టీ మధ్యకు ఆనుకుని సన్నటి ఉక్కు పిన్ను కనిపిస్తాయి. గుళికలో ఉండేది మైనం. వేడి త్వరగా పాకడానికి అందులో రాగి పొడి కలుపుతారు. మైనానికీ పిన్నుకూ మధ్య రబ్బరు తొడుగు ఉంటుంది. మైనం కరిగినప్పుడు దాని పరిమాణం పదో వంతుకు పైగా పెరుగుతుంది. వ్యాపించడానికి చోటు లేక అది పిన్నును నెడుతుంది. పిన్ను అడ్డపట్టీకి ఆని ఉండి కదలదు కాబట్టి గుళికే వెనక్కి జరుగుతుంది, దానికి అతికి ఉన్న పళ్లెం తెరుచుకుంటుంది. చల్లబడగానే స్ప్రింగ్ దాన్ని మళ్లీ మూసేస్తుంది.

గుళిక మీదో అంచు మీదో 82, 88 వంటి అంకె ముద్రించి ఉంటుంది. అది తెరుచుకోవడం మొదలయ్యే ఉష్ణోగ్రత. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో పది పన్నెండు డిగ్రీలు కావాలి. టయోటా పెట్రోల్ ఇంజిన్ల వర్క్‌షాప్ పుస్తకాల్లో తరచూ కనిపించే కొలత 80–84 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలై, 95 దగ్గర పళ్లెం 8 మిల్లీమీటర్లకు పైగా లేవడం. థర్మోస్టాట్ ఒక్కసారిగా పూర్తిగా తెరుచుకునేది కాదు. నడుస్తున్న బండిలో అది అస్తమానం కొంచెం తెరుచుకుంటూ, కొంచెం మూసుకుంటూ సమతూకంలో ఉంటుంది.

ఇక బైపాస్. రేడియేటర్ దారి మూసి ఉన్నప్పుడు కూడా ఇంజిన్ లోపల కూలెంట్ తిరుగుతూనే ఉండాలి, లేకపోతే హెడ్‌లో ఒకచోట అతివేడి, ఇంకోచోట చలి ఏర్పడతాయి. అందుకు రేడియేటర్‌కు వెళ్లకుండా నేరుగా వాటర్ పంపుకు తిరిగొచ్చే చిన్న దారి ఉంటుంది. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ అడుగున ఇంకో చిన్న పళ్లెం ఉంటుంది. పై పళ్లెం రేడియేటర్ దారిని తెరుస్తున్న కొద్దీ ఈ కింది పళ్లెం బైపాస్‌ను మూస్తుంది. అంటే ఒకే కదలికతో ఒక తలుపు తెరిచి ఇంకో తలుపు వేస్తుంది. తీసి పడేసేవాళ్లు ఎక్కువగా మరచిపోయేది ఈ రెండో తలుపునే.

మైనానికి ముందు

ఫోర్డ్ మోడల్ టీ కారులో థర్మోస్టాట్ లేదు, మామూలుగా వాటర్ పంపూ లేదు. వేడి నీరు తేలికై పైకి, చల్లటి నీరు బరువై కిందికి పోయే స్వభావం మీదే ఆధారపడ్డారు. 1914లో కాడిలాక్ తెచ్చిన వీ8 ఇంజిన్‌లో ఉష్ణోగ్రతను బట్టి నీటి ప్రవాహాన్ని అదుపు చేసే ఏర్పాటు ఉంది. అప్పటి థర్మోస్టాట్లలో వాడింది మడతల లోహపు తిత్తి. అందులో త్వరగా ఆవిరయ్యే ద్రవం నింపేవారు. వేడికి ఆవిరి ఒత్తిడి పెరిగి తిత్తి సాగేది. ఆ తర్వాత నీరు మరిగే ఉష్ణోగ్రతను పెంచడానికి కూలింగ్ వ్యవస్థను ఒత్తిడిలో ఉంచడం మొదలైంది. ఆ ఒత్తిడి తిత్తిని బయటినుంచి నొక్కేసరికి అది తెరుచుకోవలసిన ఉష్ణోగ్రత తప్పేది. సెర్జియస్ వెర్నే 1934లో రూపొందించిన మైనపు గుళికకు ఆ ఇబ్బంది లేదు. కరిగిన మైనం నెట్టే బలం ముందు కూలింగ్ వ్యవస్థలో ఉండే ఒత్తిడి ఏ మూలకూ రాదు. తొంభై ఏళ్లయినా మౌలికంగా అదే గుళిక వాడుకలో ఉంది.

ఎండల వాదన

రేడియేటర్ గాలికి వదిలే వేడి, కూలెంట్‌కూ బయటి గాలికీ మధ్యనున్న ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. కూలెంట్ 95 డిగ్రీలు అనుకుందాం. చలికాలం ఆదిలాబాద్‌లో గాలి 15 డిగ్రీలుంటే తేడా 80. రోహిణి కార్తెలో రామగుండంలో 45 డిగ్రీల ఎండ కాస్తే తేడా 50. అదే రేడియేటర్, అదే ఫ్యాను ఉన్నా వేడిని వదిలే సామర్థ్యం చలికాలంలో ఉన్నదానిలో ఎనిమిదింట అయిదు వంతులకు పడిపోయిందన్నమాట. ఈ తేడాను సర్దేది థర్మోస్టాటే. చలికాలంలో కొద్దిగా తెరుచుకుని సరిపెట్టుకున్నది వేసవిలో ఇంకా తెరుచుకుని రేడియేటర్‌కు ఎక్కువ కూలెంట్ పంపుతుంది.

పూర్తిగా తెరుచుకున్నాక దాని చేతిలో ఇంకేమీ లేదు. అప్పటికీ డ్యాష్‌బోర్డులో ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత వైపు పోతోందంటే తప్పు ఇంకెక్కడో ఉంది. రేడియేటర్ పూడిపోయి ఉండాలి, ఫ్యాన్ తిరగకపోవాలి, వాటర్ పంపు రెక్కలు అరిగిపోయి ఉండాలి, మూత ఒత్తిడి నిలపకపోవాలి, కూలెంట్ కారిపోతూ ఉండాలి, లేదా హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండాలి. 88 డిగ్రీల థర్మోస్టాట్ తీసి 82 వేసినా, ఇంకా కిందికి దిగి 71 వేసినా, 105 దగ్గర అన్నీ పూర్తిగా తెరుచుకునే ఉంటాయి. తక్కువ అంకె వేస్తే ఇంజిన్ వేడెక్కడం కాసేపు ఆలస్యమవుతుందే కానీ రేడియేటర్ సామర్థ్యం పెరగదు.

అసలు తీసేస్తే? కింది పళ్లెంతో బైపాస్ మూసే ఇంజిన్లలో థర్మోస్టాట్ లేకపోతే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే వేడివేడిగా మళ్లీ ఇంజిన్‌లోకి వస్తుంది. శ్రీశైలం ఘాట్‌లోనో అరకు ఘాట్‌లోనో రెండో గేరులో ఏసీ వేసుకుని ఎక్కేటప్పుడు, రేడియేటర్ అవసరం పూర్తిగా ఉన్న ఆ సమయంలో, బండి మునుపటికంటే ఎక్కువ హీటెక్కవచ్చు. పాత మినీ కార్లను రేసుల్లో నడిపేవాళ్లు థర్మోస్టాట్ తీసినప్పుడు దాని చోట బైపాస్ రంధ్రాన్ని మూసే ప్రత్యేకమైన లోహపు గొట్టం బిగించేది ఇందుకే. తీసేస్తే నీళ్లు మరీ వేగంగా పోయి రేడియేటర్‌లో చల్లబడే వ్యవధి ఉండదని కొందరు చెప్పే కారణం మాత్రం సరైంది కాదు. ప్రవాహం పెరిగితే రేడియేటర్ వదిలే వేడి తగ్గదు. తీసివేతలో తప్పు బైపాస్ దగ్గరా, చల్లటి ఇంజిన్ పడే అరుగుదల దగ్గరా ఉంది.

మన ఎండ ఎంత తీవ్రమైనా 45 డిగ్రీల నీడలో నిలిపిన కారు స్టార్ట్ చేసే సమయానికి 82కు ఇంకా 37 డిగ్రీల దూరంలోనే ఉంటుంది. పిల్లల్ని బడిలో దింపి, కూరగాయలు తెచ్చుకునే రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాల్లో థర్మోస్టాట్ లేని ఇంజిన్ సరైన వేడికి చేరకుండానే ఆగిపోతుంది. సీఎన్‌జీ, ఎల్పీజీ కిట్లున్న బండ్లలో గ్యాస్ ఒత్తిడి తగ్గించే రెడ్యూసర్‌కు వేడి అందేది కూలెంట్ నుంచే కాబట్టి అక్కడా ఇబ్బంది మొదలవుతుంది. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) ఉన్న బీఎస్6 డీజిల్ బండ్లలో కూలెంట్ తగినంత వేడెక్కితే గాని మసిని కాల్చే రీజనరేషన్ సవ్యంగా జరగదు. ఫిల్టర్ పూడి, దాని హెచ్చరిక లైటు వెలిగి, షెడ్డుకు వెళ్లాక కూడా అసలు మూలం థర్మోస్టాట్ అని ఎవరికీ తట్టకపోవచ్చు.

చెడిపోయే తీరు, గుర్తులు

చెడిపోతే రెండు రకాలు. రబ్బరు తొడుగు పాతబడి మైనం బయటికి కారిపోతే పిన్నును నెట్టేది ఉండదు, స్ప్రింగ్ వాల్వ్‌ను మూసే ఉంచుతుంది. తుప్పు, సున్నపు పొర, కాలం చెల్లిన గ్యాస్కెట్ ముక్క వంటివి పళ్లెం కింద ఇరుక్కుంటే తెరుచుకునే ఉండిపోతుంది. కూలెంట్‌కు బదులు బోరునీళ్లు పోసిన బండ్లలో ఈ రెండోది ఎక్కువ. తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల భూగర్భజలం కఠినజలం. మరిగే ఇంజిన్‌లో అది తెల్లటి పొలుసులు కడుతుంది.

మూసుకుపోయినదాన్ని గుర్తించడం తేలిక. స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాల్లోనే ముల్లు వేగంగా పైకి పోతుంది. ఇంజిన్ ఒక పక్క కాలిపోతుంటే రేడియేటర్ కింది గొట్టం చల్లగా ఉంటుంది. వెంటనే ఏసీ కట్టేసి, హీటర్‌ను పూర్తి వేడిలో ఫుల్ స్పీడులో పెట్టి, బండిని పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. కాగిన ఇంజిన్‌లో రేడియేటర్ మూత తీయడం ప్రమాదకరం. మూత ఒత్తిడి వల్ల లోపల నీరు 100 దాటినా మరగకుండా ఉంటుంది, తీసిన మరుక్షణం ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతుంది. వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగిలే అవకాశముంది. కొద్ది నిమిషాలు ఎర్ర లైటుతో నడిపినా అల్యూమినియం హెడ్ వంగుతుంది. తర్వాత లేత్ షాపులో ఫేసింగ్ చేయించాల్సిందే.

తెరుచుకుపోయినది ఇంత గోల చేయదు. అందుకే ఏళ్ల తరబడి గుర్తించకుండా నడుపుతారు. ముల్లు మధ్యకు రావడానికి చాలాసేపు పడుతుంది, హైవే ఎక్కగానే కిందికి జారుతుంది, మైలేజీ తగ్గుతుంది. ముల్లు లేకుండా నీలం, ఎరుపు లైట్లు మాత్రమే ఉన్న కార్లలో నీలం లైటు ఎంతకీ ఆరకపోవడం, ఆరినది చలికాలం హైవే మీద మళ్లీ వెలగడం గుర్తులు. షికాగో, మినియాపొలిస్ వంటి ఊళ్లలో ఉండే తెలుగువాళ్లకు ఇది ముందుగా హీటర్ ద్వారా తెలుస్తుంది. ఎంత తిప్పినా గోరువెచ్చటి గాలే వస్తుంది. లోపాలను కోడ్ రూపంలో నమోదు చేసే ఓబీడీ వ్యవస్థ ఉన్న కార్లలో పీ0128 అనే కోడ్ పడవచ్చు. కూలెంట్ ఉండాల్సిన వేడికి చేరడం లేదని దాని అర్థం. అయితే కూలెంట్ మట్టం తగ్గినా, ఉష్ణోగ్రత సెన్సర్ తప్పు చెబుతున్నా ఈ కోడే రావచ్చు కాబట్టి కోడ్ చూసి భాగం కొనేయకూడదు.

డ్యాష్‌బోర్డు ముల్లును పూర్తిగా నమ్మడానికీ లేదు. చాలా కార్లలో ఉష్ణోగ్రత కొంత అటూ ఇటూ మారుతున్నా ముల్లు మధ్యలోనే నిలిచేలా చేస్తారు. చవగ్గా దొరికే బ్లూటూత్ ఓబీడీ పరికరాన్ని ఫోనుకు కలిపితే అసలు అంకె కనిపిస్తుంది. చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి చూస్తే అంకె నిలకడగా ఎక్కి, థర్మోస్టాట్ తెరుచుకోగానే రెండు మూడు డిగ్రీలు తగ్గి, మళ్లీ సర్దుకుంటుంది. ఆ చిన్న తగ్గుదల కనిపిస్తే వాల్వ్ బాగున్నట్టే. పరికరం లేకపోతే చేయి చాలు. థర్మోస్టాట్ హెడ్ నుంచి బయటికొచ్చే చోట ఉన్న ఇంజిన్లలో పై గొట్టం చాలాసేపు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నిమిషం నుంచే మెల్లగా వెచ్చబడుతుంటే అది తెరుచుకుని ఉంది. థర్మోస్టాట్ పంపు వైపు ఉండే ఇంజిన్లలో చూడాల్సింది కింది గొట్టం. ఫ్యాన్ ఏ క్షణానైనా తిరగవచ్చు, చేతులు దూరంగా ఉంచుకోవాలి.

ఊడదీశాక పరీక్షించే పద్ధతి పాతదే, నమ్మదగినదే. వాల్వ్ పళ్లేన్ని కొంచెం తెరిచి సందులో దారం పెట్టి, గిన్నెలో నీళ్లలో అడుగుకు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటర్ ఉంచి వేడిచేయాలి. తెరుచుకోగానే దారం జారి వాల్వ్ కింద పడుతుంది. ఆ క్షణం చూసిన అంకె ముద్రించిన అంకెకు రెండు డిగ్రీలు అటూ ఇటూ ఉండాలి. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి 82, 88 రకాలకు ఈ పరీక్ష చాలు, 100 దాటాక తెరుచుకునేవాటికి చాలదు.

ఎంపిక

కారు కంపెనీ ఏ అంకె చెప్పిందో అదే వేయాలి. ఫ్యాన్ ఎప్పుడు తిరగాలి, పెట్రోలు ఎంత చిమ్మాలి అన్న లెక్కలన్నీ ఆ అంకె చుట్టూ అల్లినవే. ఒకే ఇంజిన్‌కు చలి ప్రాంతాలకు 88, వేడి ప్రాంతాలకు 82 అని కంపెనీయే రెండూ ఇచ్చి ఉంటే ఇక్కడ 82 ఎంచుకోవడం సబబే.

అంకె కలిసినంత మాత్రాన సరిపోదు. అంచు వ్యాసం, మొత్తం ఎత్తు, కింది పళ్లెం ఉందా లేదా, ఉంటే ఎంత కిందికి వస్తుంది అన్నవి కలవాలి. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో కౌంటర్ మీద ‘ఇదే సెట్టవుతుందండీ’ అని ఇచ్చే వాల్వ్ గూట్లో చక్కగా కూర్చున్నా, కింది పళ్లెం పొట్టిదైతే బైపాస్ మూసుకోదు. పాతదాన్ని వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడటం, ఛాసిస్ నంబరుతో పార్ట్ నంబరు తీయించడం మంచి పద్ధతులు. కంపెనీ భాగం కాకపోయినా మాలే, గేట్స్ వంటి పేరున్న తయారీదార్లవి నిశ్చింతగా వాడవచ్చు. పేరు లేని డబ్బాలో వచ్చినదైతే బిగించేముందు పైన చెప్పిన గిన్నె పరీక్ష చేయడం మేలు. కొత్తదానికి ఆ పరీక్ష చేయడాన్ని అతి జాగ్రత్త అనుకోనక్కర్లేదు.

హద్దు మీరి వేడెక్కితే తెరుచుకున్న స్థితిలోనే బిగుసుకుపోయే రకం కొన్ని దేశాల్లో అమ్ముతారు. దూరాలు తిరిగేవాళ్లకు అది ఉపయోగమే, కానీ ఒకసారి బిగుసుకుంటే మళ్లీ కొత్తది కొనాలి. ప్లాస్టిక్ హౌసింగ్‌తో కలిసి వచ్చే కార్లలో వాల్వ్ ఒక్కటే విడిగా దొరికినా మొత్తం మార్చడమే మంచిది, ఏళ్ల వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది. థర్మోస్టాట్‌కు ఇన్ని కిలోమీటర్లని గడువు సాధారణంగా ఉండదు. వాటర్ పంపో రేడియేటరో మార్చేటప్పుడు, కూలెంట్ ఎలాగూ తీస్తారు కనుక, దీన్నీ మార్చేస్తే కలిసొస్తుంది.

మార్పిడి

ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టాలి. రాత్రి నిలిపి పొద్దున పట్టుకుంటే ఉత్తమం. రేడియేటర్ మూత తీసి, కింద వెడల్పాటి తొట్టి పెట్టి, డ్రెయిన్ మర వదులు చేసి కూలెంట్‌ను పట్టుకోవాలి. మట్టం హౌసింగ్ కంటే కిందికి దిగితే చాలు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. కుక్కలు, పిల్లుల మూతికి, పసిపిల్లల చేతికి అందకుండా చూడాలి, వాకిట్లో మడుగు కట్టనివ్వకూడదు.

గొట్టం క్లిప్పు వదులు చేసి, గొట్టాన్ని లాగేముందు కొంచెం మెలితిప్పితే చిరగకుండా వస్తుంది. హౌసింగ్‌కు సాధారణంగా రెండు మూడు చిన్న బోల్టులు, చాలా కార్లలో 10 నంబరు స్పానర్‌వి. పాత వాల్వ్ బయటికి తీసేముందు అది ఏ వైపుకు, ఏ కోణంలో కూర్చుందో ఫోటో తీసుకోవాలి. స్ప్రింగూ గుళికా ఉన్న వైపు ఇంజిన్ లోపలికి ఉండాలి. వేడి కూలెంట్ గుళికకు తగలాలి మరి. తలకిందులుగా బిగిస్తే వాల్వ్ ఎంతకీ తెరుచుకోదు, కొత్త వాల్వ్‌తోనే ఇంజిన్ కాగిపోతుంది. అంచులో చిన్న రంధ్రం, దానిలో వదులుగా కదిలే పిన్ను ఉంటే అది పైభాగానికి రావాలి. కూలెంట్ నింపేటప్పుడు లోపలి గాలి బయటపడేది అందులోంచే.

రెండు ముఖాల మీదా అంటుకున్న పాత ప్యాకింగ్‌ను పూర్తిగా గీకేయాలి. హెడ్ అల్యూమినియం కాబట్టి స్క్రూడ్రైవర్‌తో గాట్లు పెట్టకూడదు, ప్లాస్టిక్ గీకుడు ముక్క మేలు. రబ్బరు రింగు వాడేచోట సీలెంట్ పూయకూడదు. పూస్తే రింగు జారుతుంది, పిండుకుని లోపలికి వెళ్లిన సీలెంట్ ముక్కలు రేడియేటర్ సన్నగొట్టాల్లో చిక్కుకుంటాయి. బోల్టుల్ని చేత్తో పట్టించి, ఆపైన ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. ఇవి చిన్న బోల్టులు, బలం చూపిస్తే అల్యూమినియంలో మరలు ఊడిపోతాయి.

కొత్త కూలెంట్ కంపెనీ చెప్పిన రకమే పోయాలి. రంగు ఒకటైనంత మాత్రాన రెండు రకాలు కలుస్తాయనుకోకూడదు. గాఢమైన కూలెంట్ అయితే కలపాల్సింది డిస్టిల్డ్ వాటర్, బోరునీళ్లు కాదు. గాలి తీసే మర ఉంటే దాన్ని వదులు చేసి, మెల్లగా నింపి, హీటర్‌ను పూర్తి వేడి వైపు పెట్టి ఇంజిన్ ఆడించాలి. బుడగలు వస్తూ మట్టం దిగుతుంది, మళ్లీ పోయాలి. మట్టం నిలబడ్డాక మూత బిగించి ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఆగాలి. లోపల గాలి మిగిలితే ముల్లు పైకీ కిందికీ ఊగుతుంది, హీటర్‌లో ఒకసారి వేడి, ఒకసారి చలి వస్తుంది. మర్నాడు ఉదయం చల్లారాక రిజర్వాయర్‌లో మట్టం చూసి, హౌసింగ్ కింద తడి ఉందేమో వేలితో తడిమి చూడాలి.

ఎలక్ట్రానిక్ రకాలు

1990ల మధ్యలో బీఎండబ్ల్యూ తన వీ8 ఇంజిన్లలో మైనపు గుళికలోకి చిన్న విద్యుత్ హీటర్‌ను చేర్చింది. తేలిక ప్రయాణంలో కూలెంట్ 100 డిగ్రీలు దాటినా వాల్వ్ మూసే ఉంటుంది, ఇంజిన్ వేడిగా ఉంటే ఆయిల్ పలచబడి రాపిడి తగ్గుతుంది, ఇంధనం ఆదా అవుతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే కంప్యూటర్ ఆ హీటర్‌కు కరెంటు పంపి, మైనాన్ని తొందరగా కరిగించి, వాల్వ్‌ను ముందే తెరిపిస్తుంది. ఇలాంటి కారులో మామూలు 82 రకం పెట్టి ప్లగ్గు వదిలేస్తే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. ఈ రకాల్లో కొన్నింటికి విద్యుత్ వాటర్ పంపు కూడా ఉంటుంది. అక్కడ గాలి తీయడానికి మూత తెరిచి ఇంజిన్ ఆడించడం చాలదు, తయారీదారు చెప్పిన క్రమంలో పంపును తిప్పించాలి.

2011లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ ఈఏ888 మూడో తరం ఇంజిన్‌లో ప్రధాన నియంత్రణను మైనం నుంచి తీసేసి, మోటారుతో తిరిగే రోటరీ వాల్వ్‌కు అప్పగించారు. అయినా ఆ మోటారు మొరాయిస్తే 113 డిగ్రీల దగ్గర తనంతట తానే తెరుచుకునే మైనపు థర్మోస్టాట్ ఒకటి అదే మాడ్యూల్‌లో అత్యవసరానికి ఉంచారు. అలాంటి మాడ్యూల్ చెడితే విప్పి బాగుచేయడం కుదరదు, పూర్తిగా మార్చి స్కానర్‌తో కంప్యూటర్‌కు పరిచయం చేయాల్సిందే.